చీకటి వైపు స్థావరం

ఆదివారం భోజనాలయ్యాక బల్ల తుడవడం నా పని. తుడిచిన కాసేపటికి దాని మీద ఒక గ్రహం పరుచుకుంటుంది.

ముందు మా వారు పటం పరుస్తారు. ఆ పైన పాచికలు, పెన్సిళ్ళు, తలా ఒక కాగితం. పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, మా మరిది చుట్టూ చేరి, ఒకరు నావికుడై, ఒకరు దొంగై, ఒకరు వైద్యుడై, ఒట్టి మాటలతో కథ నడుపుకుంటారు. సందేహం వచ్చినచోట పాచికలు వేస్తారు. మిగతా లోకమంతా మా వారే. తలుపు తడితే తలుపు ఆయన, గాలి వీస్తే గాలి ఆయన. ఈ ఆటను అచ్చువేసే సంస్థ, ఆటగాళ్ళు తిరగడానికి ఒక కొత్త ప్రపంచాన్ని వర్ణించే అనుబంధ గ్రంథం రాసిమ్మని ఆయనను అడిగింది. అప్పటినుంచి మా ఇంట్లో రెండు కాపురాలు సాగుతున్నాయి. ఒకటి ఈ ఇంట్లో, ఒకటి ఆ గ్రహం మీద. రెండింటిలోనూ ఏదైనా తక్కువైతే ఆయన వంటింటి గుమ్మంలోకి వస్తారు.

ఆ గ్రహం తన సూర్యుడి వైపునుంచి మొహం తిప్పదు. ఒక వైపు ఎప్పటికీ పగలు, ఒక వైపు ఎప్పటికీ రాత్రి. మధ్యనున్న సన్నని మునిమాపు పట్టీలోనే ఊళ్ళు. అంతవరకు ఆయన ఊహే, అందమైన ఊహ. ఒకరోజు నేను గిన్నెలు తోముతుంటే వచ్చి, "ఈ ఊళ్ళకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయంటావ్?" అన్నారు.

"చీకటి వైపంతా మంచేగా. అక్కడ కరిగించి పైపులో పంపుతారు. అది గడ్డకట్టకుండా ఎవరో ఒకరు కూర్చుని చూసుకోవాలి లెండి."

"భలే!" అంటూ వెళ్ళి టైపు చేసుకున్నారు. పంపు కట్టేశాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. ఆ ఎవరో ఒకరు ఎవరు?

ఆమె నాకు అలా, గిన్నెకొక కొంచెం చొప్పున తెలిసింది. పైపు మీద అరచెయ్యి ఆనించి నిద్రపోతుంది. లోపలి ప్రవాహం ఏమాత్రం మందగించినా చేతికి ముందు మెలకువ వస్తుంది, తర్వాత ఆమెకు. ఊళ్ళలో ఎవరికీ ఆమె మొహం తెలియదు. పంపు తిప్పుతారు, నీళ్ళొస్తాయి. మొదట్లో తనతో తాను పైకి మాట్లాడుకునేది. గొంతు వింతగా వినిపించడంతో మానేసింది. మానేశాక ఆలోచనల చప్పుడు పెరిగింది. ఎవరూ చూడని మనిషి ఉన్నట్టా, లేనట్టా అని తత్త్వగ్రంథాల్లో పేజీలకొద్దీ వాదించుకుంటారు. ఆ వాదం సాగినంతసేపూ వాదించేవాళ్ళకు ఎవరో టీ తెచ్చి ఇస్తూనే ఉండి ఉంటారు.

ఇవన్నీ ఆయనకు చెప్పాను. అడిగినప్పుడే చెప్పాను. ఆయన రాసుకున్నారు.

మా ఆఫీసులో దీనికి సరిగ్గా తలకిందులు. సమావేశం మొదలవుతుండగా మా పైఅధికారి, "మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందమ్మా, ఎవరేమన్నారో మీరు రాసేయండి" అంటారు. అందరి మాటలూ అందుకోవడంలో నా మాట చెప్పే సందు దొరకదు. ఎప్పుడైనా చెప్పినా, చెబుతూ రాయలేను. అక్కడ రాసేది నేను కనుక నా మాట ఉండదు. ఇక్కడ చెప్పేది నేను కనుక నా పేరుండదు. ఉండవలసిన చోటు ఏదో తెలుసుకోకుండానే ఇన్నేళ్ళు గడిపానా అని అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతాను. జవాబు రాకముందే కుక్కరు కూస్తుంది.

అత్తగారు ఒక్కసారే హెచ్చరించారు. "వాడికి పట్టిన పిచ్చి చాలు. నువ్వూ అందులో తల దూర్చకమ్మాయ్. ఇంట్లో ఒక్కళ్ళైనా నేలమీదుండాలి."

ఇవాళ పొద్దున మా వారు కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు. "అచ్చుతప్పులుంటే చూసిపెట్టు. రేపు పంపేయాలి." బట్టలు ఆరేస్తూ, మధ్యమధ్య చేతులు తుడుచుకుంటూ చదివాను. మంచు ఉంది, పైపు ఉంది. తర్వాత ఇలా ఉంది: 'చీకటి వైపు నీటి స్థావరం. పాడుబడినది. మనుషులు లేరు. విలువైన యంత్రభాగాలు దొరకవచ్చు.'

ఆ మాటలు మళ్ళీ చదివాను. చేతిలోని తడిచొక్కా నుంచి నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి.

"ఆవిడేదండీ?"

"ఎవరు?"

"పైపు దగ్గరావిడ."

"ఓ, ఆవిడా! తీసేశాను. అక్కడ కూర్చోడం తప్ప ఆవిడ చేసేదేముంది చెప్పు? కథ కదలదు. ఖాళీగా ఉంటే వీళ్ళు దూరి దోచుకుంటారు, మజాగా ఉంటుంది."

"మరి నీళ్ళు?"

"నీళ్ళేంటి?"

"ఆవిడ లేకపోతే ఊళ్ళకి నీళ్ళెలా వస్తాయి?"

"వస్తాయిలే. అంత లోతుగా ఎవరు చూస్తారు?" నవ్వారు. "ఇంత బెంగెందుకే నీకు? ఏమైనా మీ చుట్టమా?"

నేనూ నవ్వాను. అది నాకు బాగా వచ్చిన పని.

ఆయన చెడ్డ మనిషి కారు. అదే కష్టం. అయ్యుంటే కోపం తెచ్చుకుని ఊరట పొందేదాన్ని. అట్ట మీద నా పేరుండదన్నది పాత దుఃఖం, దానికి నాలో ఒక చోటు కుదిరిపోయింది. ఇది వేరు. ఉన్న మనిషిని లేదన్నారు. ఆమె పనిని మాత్రం, ఎవరూ చెయ్యకుండానే జరిగిపోతున్నట్టు, అలాగే ఉంచుకున్నారు. రేపు ఆ కాగితాలు వెళ్ళిపోతే ఆమె ఇంకెక్కడా లేదు. నాలో తప్ప. నాలో ఉండడాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

మధ్యాహ్నం వాళ్ళొచ్చారు. పుస్తకం పంపేముందు ఆ స్థావరాన్ని ఆడి చూడాలనుకున్నారు. అలా ఆడినప్పుడు తేలినదాన్నే మా వారు పుస్తకంలో ఉంచుతారు. దానికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒకసారి నేను గుమ్మంలోంచి అన్న మాటను మా మరిది పట్టుకు వాదిస్తే, "బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు అన్నదే ఖాయంరా. వంటింట్లోంచి వచ్చేవి సలహాలు" అన్నారు. అందరూ నవ్వారు. సలహాలు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయాయి.

నేను టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ళు స్థావరం చేరుకున్నారు.

"తలుపు దగ్గరికెళ్ళా అన్నయ్యా. తాళమా?" మా మరిది.

"తాళమైతే నాకొదిలేయ్. పళ్ళు చూపించనని మొండికేసినవాళ్ళ నోళ్ళే తెరిపిస్తున్నా, తలుపో లెక్కా!" అన్నాడు డాక్టరు.

"మామూలు తలుపే. లోపలెవరూ లేరు" అన్నారు మా వారు, పటం మీదనుంచి తల ఎత్తకుండా.

పళ్ళెం గూట్లో పెట్టాను. బల్ల చివరి ఐదో కుర్చీలో వాళ్ళ సంచులున్నాయి. ఒక్కొక్కటే తీసి కింద పెట్టి కూర్చున్నాను. ఆ వైపునుంచి మా హాలు ఎలా ఉంటుందో అంతవరకు నాకు తెలియదు.

"ఏంటి, టీ ఇవ్వవా?"

"అక్కడ పెట్టాను. తీసుకోండి." నా గొంతు నాకే వింతగా వినిపించింది. "లోపల మనిషి ఉంది."

"పొద్దున చెప్పాగా, తీసేశానని."

"విన్నానండీ. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని నేను చెబుతున్నాను."

డాక్టరు సంచులకేసి చూశాడు. మా మరిది నవ్వు ఆపుకోలేక, "కట్టుబాటు నువ్వు పెట్టిందే అన్నయ్యా. వదిన బల్ల దగ్గరే ఉంది మరి" అన్నాడు.

"చెల్లెమ్మ అన్నదీ సబబే. మనిషి లేకుండా ఇన్నాళ్ళూ నీళ్ళెలా వచ్చినట్టు?" అన్నారు మాస్టారు మెల్లగా.

మా వారు పెన్సిలు కింద పెట్టారు. "సరే, ఉంది. అయితే ఏంటి? తలుపు తీస్తుందా, తియ్యదా?"

నలుగురూ నా వైపు చూస్తున్నారు. నా జవాబు కోసం ఎవరైనా ఇలా ఎదురుచూడడం గుర్తు లేదు. తీస్తుందనే అనబోయాను. అంతకాలం తర్వాత తలుపు చప్పుడైతే ఎవరైనా పరుగెత్తుకొచ్చి తీస్తారు. అంత ఒంటరితనం తర్వాత వచ్చినవాళ్ళు దొంగలైనా చుట్టాల్లాగే కనిపిస్తారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషి నాకూ ఒకప్పుడు అలాగే కనిపించారు.

"ముందు వాళ్ళెవరో చెప్పమనండి. ఎందుకొచ్చారో కూడా. తియ్యాలో వద్దో ఆవిడ ఆలోచించుకుంటుంది."

"ఎంతసేపు?"

"తెలియదు. ఆలోచించుకోడానికి ముందు, ఊళ్ళకెళ్ళే పైపు కట్టేసింది."