మెట్ల గోడ పగులు

ఊడుస్తున్న చీపురు ఠక్కున ఆగిపోయింది: నిన్నటిదాకా రెండు వేళ్లే పట్టిన గోడ పగుల్లో ఇవాళ మెట్లమ్మ చెయ్యి మొత్తం దూరింది.

కింద ఇటుక పొడి. ఈ మధ్య రోజూ ఎత్తిపోస్తూనే ఉంది.

"అక్కా, అందులో పిల్లి కాపురం పెట్టొచ్చు. దాని దగ్గరా అద్దె వసూలు చేస్తారేమో!" పై మెట్టు మీంచి పక్క వాటా టైలరమ్మ నవ్వింది.

మెట్లమ్మకు నవ్వు రాలేదు. ప్రభుత్వం కట్టించి తక్కువ అద్దెకిచ్చిన భవనం అది. ఈ మెట్లు ఊడ్చీ ఊడ్చీ ఆమె నడుం వంగింది, మెట్లమ్మ అన్న పేరు పడింది. ఈ మెట్ల మీదే కూతురికి నడక వచ్చింది, అత్తగారి పాడె దిగింది. బయట ఒక్క గది తీసుకోవాలన్నా మొగుడూ పెళ్లాల సంపాదన చాలదు. మరమ్మతు నిధుల కోసం ఎప్పుడు వెళ్లినా ఆఫీసులో ఒకటే మాట: బాగా దెబ్బతిన్న భవనాలకే ముందు.

అందుకే ఇవాళ భవనం చూడ్డానికి ఇంజనీరు వస్తే, చీపురు పక్కన పడేసి ఎదురెళ్లింది. ఆయన పగుల్లోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"నిధులొస్తాయా సారూ?"

"ఇక మరమ్మతు లేదమ్మా. ఇందులో మనుషులు ఉండకూడదు. సాయంత్రానికి ఖాళీ చెయ్యండి."

"ఎక్కడికి పోవాలి సారూ?"

ఆయన టార్చి ఆర్పేశాడు.

పొద్దు వాలేసరికి గేటుకు తాళం పడింది. రోడ్డు మీద తోపుడుబండి. దాని మీద మడతమంచం, గిన్నెల మూట. బండి పట్టుకున్న ఆమె భర్త ముసలి తాపీమేస్త్రి. తల వంచుకుని తోస్తున్నాడు.

"ఎవడో కావాలనే తవ్వాడయ్యా. రోజూ పొడి ఎత్తినదాన్ని, నాకు తెలీదా? వాడి చేతులు పడిపోను!"

"తిట్టకే." అతను బండి ఆపాడు. "అవి ఈ చేతులే. చిన్న పగులుకి పైసా ఇవ్వరన్నారుగా. పెద్దదైతే మన వంతు ముందొస్తుందనుకున్నా. నువ్వు పంపు దగ్గరికెళ్లినప్పుడల్లా కాస్త కాస్త చెక్కా. ఇవాళ ఇంజనీరొస్తున్నాడని తెల్లారకముందే బాగా పెద్దది చేశా. బాగు చేస్తారనుకున్నానే, బయటికి గెంటుతారనుకోలా. నీ అడుగుల చప్పుడు విని ఉలి మెట్ల కిందికి తోసేశా. ఇన్నేళ్లూ మనకి అన్నం పెట్టింది అదే... లోపలే ఉండిపోయింది."