టబ్బులో పైవరస

బోగోలు రోడ్డు పక్కన అబిగయీలు రొయ్యల పచ్చడి షెడ్డు పెట్టి మూడు నెలలైంది. పచ్చడి కుదరడానికి వారం పట్టింది. పనివాళ్ళు మాత్రం ఇంకా కుదరలేదు.

తొమ్మిదింటికి రమ్మంటే పదింటికి వస్తారు. తలకు పెట్టుకోమని ఇచ్చిన టోపీలతో వేడి గిన్నెలు దించుతారు. ఏమన్నా అంటే వాళ్ళలో పెద్దదైన పేరమ్మ నవ్వి, కంపెనీకి నువ్వెన్నడు టయానికి వచ్చినావని అడుగుతుంది. అబిగయీలు మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది. ఆ నలుగురు పనివాళ్ళతో కలిసి ఆమె పదకొండేళ్ళు రొయ్యల కంపెనీలో ఒకే బల్ల దగ్గర రొయ్యలు ఒలిచింది. కొత్తవాళ్ళను పెట్టుకోమని భర్త రూఫస్ చెబితే, తెలిసినవాళ్ళయితే మాట వింటారని వీళ్ళనే పిలుచుకుంది.

పోయినసారి పచ్చడి వెనక్కి వచ్చింది. ఆమె దగ్గర సరుకు కొనేది నెల్లూరులో సుధాకర్ గారి మిఠాయిలు, పచ్చళ్ళ కొట్టు ఒక్కటే. ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు. "ఇసక తగులుతా ఉందమ్మా. ఇంకోసారి ఇట్టా వస్తే మనకొద్దులే."

రేపు పొద్దున మళ్ళీ సరుకు పోవాలి. అందుకే ఇవాళ అందరినీ కూచోబెట్టి, రొయ్య వీపు చీరి ఇసక ఉండే నల్లటి పేగు ఎలా లాగాలో కత్తితో చూపించింది. మా ఇళ్ళలో ఎవరూ తియ్యరు, తిని చచ్చినామా అని పేరమ్మ గొణిగింది. అయినా సరేనని తలూపింది.

పదకొండున్నరకు టబ్బు తెచ్చి ముందు పెట్టారు. రొయ్యలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అబిగయీలుకు ప్రాణం లేచివచ్చింది. మూకుట్లో వెయ్యబోయి ఎందుకో ఆగింది. మోచేతిదాకా చెయ్యి దించి అడుగునుంచి గుప్పెడు తీసింది. ప్రతి రొయ్య వీపునా నల్లటి గీత అలాగే ఉంది.

ఆమెకు కోపం రాలేదు. ఆ గుప్పెడు రొయ్యలూ పేరమ్మ ముందు పెట్టింది.

"అడుగువి తియ్యలేదే, పేరక్కా."

"నువ్వు నేర్పిన పనే గదమ్మే," అంది పేరమ్మ. "కంపెనీలో సూపర్‌వైజరు క్రీస్తురాజు సారు చూసేదానికి వస్తా ఉంటే, మంచివి పైన పరచండి, ఆయన లోపల చెయ్యి పెట్టడు అన్నింది ఎవురు?"

పేరమ్మ పక్కనున్న రోజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయన పెట్టలేదు. నేను పెట్టినాను."

"అయితే నువ్విప్పుడు మాకు సూపర్‌వైజరువా?"

నిన్నటిదాకా అయితే అబిగయీలు, ఛ, అదేం మాటక్కా అని నవ్వేసేది. ఆ నవ్వు కోసం వెతుక్కుంది. రాలేదు.

"అవునక్కా," అంది. టబ్బు ఎత్తి బల్లమీద బోర్లించింది. "ఇవన్నీ మళ్ళీ చీరాల్సిందే. అయినాకే అన్నాలు."

పేరమ్మ కొంగు దోపుకుని కత్తి తీసుకుంది. మిగతావాళ్ళూ తీసుకున్నారు. అబిగయీలు కూడా ఒక కత్తి పట్టుకుని స్టూలు లాక్కుంది కానీ రోజా పక్కకు జరగలేదు. అబిగయీలు బల్ల చివరకు పోయి నిలబడే చీరసాగింది. రోజూ ఊళ్ళో కబుర్లన్నీ ఆ బల్లమీదే దొర్లేవి. ఇవాళ కత్తుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

రెండున్నరకు పని అయింది. ఆమె అందరి ఎదుటా మళ్ళీ అడుగుదాకా చెయ్యి పెట్టింది. ఒక్క నల్ల గీతా కనబడలేదు. బాగుందని చెప్పింది. అప్పటికే వాళ్ళు కత్తులు పెట్టేసి లేచారు.

నలుగురూ వరండాలో గుండ్రంగా కూచుని క్యారేజీలు విప్పుకున్నారు. చేపల పులుసు వాసన లోపలిదాకా వచ్చింది. పేరమ్మ ఇంట్లో పులుసు పెట్టిన రోజున అబిగయీలు కోసం ఒక ముక్క విడిగా తెచ్చేది. ఇవాళ ఎవరూ పిలవలేదు. ఆమె పొయ్యి పక్కన నిలబడి, తెచ్చుకున్న చారన్నం నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని మూకుడు పొయ్యిమీద పెట్టింది. నూనె కాగుతుండగా గుమ్మం దగ్గరికి వచ్చి, రేపు తొమ్మిదింటికల్లా రావాలని చెప్పింది.

"వస్తాం," అంది పేరమ్మ, తలెత్తకుండా.