సహరీ తర్వాతి నిద్ర

ముఫీదాకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని కాగితం ఆమె భర్త షాద్లీ పొట్టకూటిని రెండే రెండు ముక్కల్లో తుడిచిపెట్టింది: యంత్రం వాడడం లేదు, బండి నడపడానికి తగడు.

షాద్లీ ట్యునీషియాలోని స్ఫాక్స్ నుంచి రాజధాని ట్యూనిస్‌కు లువాజ్ నడుపుతాడు. ఎనిమిది మందిని ఎక్కించుకుని తిరిగే బాడుగ వ్యాను అది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉందని తేలాక, ముక్కుకు మాస్కు పెట్టి గాలి కొట్టే యంత్రం వాడితేనే లైసెన్సు ఉంచుతామన్నారు. ఏది కుదురుతుందో చూద్దామని రెండు యంత్రాలు నెలకొకటి చొప్పున ఇచ్చారు. మొదటిది తెల్లవార్లూ ఒకే ఒత్తిడితో గాలి కొట్టేది. లైసెన్సు భయంతో షాద్లీ దాన్ని మొహం నుంచి తియ్యకుండా రాత్రంతా పెనుగులాడాడు. రెండోది గొంతు మూసుకున్నప్పుడు ఒత్తిడి పెంచి, తెరుచుకోగానే తగ్గించేది. దాంతో పదేళ్లకు ఆ మనిషి హాయిగా నిద్రపోయాడు. పక్కన పడుకునే ముఫీదాకు తెలియదా! కాగితం మాత్రం, రెండోది వాడనే లేదు కనుక మొదటిదే మేలని కింద రాసింది.

ఆమె యంత్రాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లి, ఆ కాగితం మీద సంతకం పెట్టిన డాక్టర్ నజీబ్ గది తలుపు తోసింది.

"మా ఆయన రెండో యంత్రం వాడలేదని మీకెవరు చెప్పారండీ?"

"యంత్రమే చెప్పిందమ్మా. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చూశాం. రోజుకి అరగంటే వాడాడు."

"అది ఇచ్చింది ఏ నెల్లో?"

డాక్టర్ కాగితం తిరగేశాడు. "ఈ రంజాన్లోనే, నెల మొదట్లో."

"రంజాన్లో లువాజ్ వాళ్లు ఇఫ్తార్ అయ్యాక బండి తీసి తెల్లారుజామున సహరీ తినే దాకా తిప్పుతారు. తెల్లారాకే పడక. ఈ ఊళ్లో పుట్టినోళ్లకి అదీ నేనే చెప్పాలా? ఇంతకీ మీరు రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?"

నజీబ్ ఎర్రబడ్డ కళ్లు దించుకున్నాడు. "సహరీ తిని, నమాజు చేసుకుని."

"అయితే మీకూ నిద్ర లేదని రాసేద్దామా? వైద్యం చెయ్యడానికి తగరని?"

"ఫారంలో పది నుంచి ఆరు దాకానే అడుగుతారమ్మా, నేనేం చెయ్యను?"

"ఫారానికి నోరు లేదు. మీకుంది కదా!"

ఆమె యంత్రాన్ని బల్ల మీద దబ్బున పెట్టింది. నజీబ్ అందులో నిద్ర లెక్కలు దాచే కార్డు తీసి, ఈసారి ఇరవై నాలుగు గంటల లెక్కా తెరిచాడు. తెల్లవారి ఐదున్నర నుంచి పదకొండు దాకా, ఒక్క రోజు నాగా లేకుండా నిద్ర. ఊపిరి ఆగింది గంటకు రెండుసార్లు. మొదటి యంత్రంతో తొమ్మిది. గడియారం చూడడం వచ్చిన పెద్దమనుషులకు నెల చూడడం రాలేదు.

నజీబ్ కొత్త కాగితం రాసి ముద్ర వేశాడు. "క్షమించమ్మా," అన్నాడు. ముఫీదా క్షమించలేదు. కాగితం లాక్కుని బయటికి వచ్చింది.

వసారాలో ఒక రొట్టెల బట్టీవాడు, చొక్కా నిండా పిండి, కూర్చునే గురక పెడుతున్నాడు. ఒళ్లో అలాంటిదే ఒక కాగితం. ముఫీదా అతణ్ణి తట్టి లేపింది.

"అన్నా, నీకూ రెండో యంత్రం రంజాన్లోనే ఇచ్చారా?"

"అవునక్కా. వాడట్లేదంట, తిరిగిచ్చెయ్యమన్నారు."

ముఫీదా అతని చొక్కా చెయ్యి పట్టి లాక్కెళ్లి తలుపు మళ్లీ తోసింది.

"డాక్టరు గారూ, ఇంకో కార్డు తియ్యండి."