ఆదివారం కమ్మలు

ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టేసరికి విజయదుర్గ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ఏడురాళ్ల కమ్మల మరలు విప్పి, రెండూ భర్త అరచేతిలో పెట్టేది. పెంచలనరసింహం వాటిని తన చెవులకి పెట్టుకుని మేడెక్కేవాడు. మళ్లీ మధ్యాహ్నం భోజనాలకి ఆయన దిగివచ్చేదాకా ఆమెకి ఏ చప్పుడూ వినపడేది కాదు.

ఆత్మకూరు వైపు ఆడపిల్లకి చెవులు కుట్టిన రోజే వినికిడి కమ్మల్లోకి దిగుతుంది. మగపిల్లలకీ చెవులు కుట్టిస్తారు గానీ, వాళ్ల వినికిడి తలలోనే ఉంటుంది. మగవాడు ఆడమనిషి కమ్మలు పెట్టుకుంటే అతని సొంత వినికిడి పక్కకి తప్పుకుని, కమ్మల్లోది లోపలికి వస్తుంది. కమ్మలు తీసినప్పుడు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తూ తాళంచెవి ఇంటాయన చేతికి ఇచ్చిపోయినట్టు, వచ్చింది బయటికి పోతూ సొంతదాన్ని లోపలికి పిలుస్తుంది. ఇందులో ఎవరికీ వింత లేదు.

పెంచలనరసింహానిది కందిపప్పు హోల్‌సేల్. మేడమీద గది గోడలకి స్పంజి పలకలు కొట్టించి, మనిషెత్తు స్పీకర్లు రెండు నిలబెట్టి, వాటికెదురుగా ఒక్క కుర్చీ వేసుకున్నాడు. ఆదివారాలు ఎరువుల కొట్టు చెంచురామయ్య, బస్సు డిపోలో పనిచేసే శ్రీనివాసులు వచ్చేవాళ్లు, ఇద్దరూ తమ భార్యల కమ్మలతోనే. విజయదుర్గ కాఫీలు పట్టుకుపోయి, వాళ్ల పెదవుల కదలిక చూసి, దిగి వచ్చేది. అక్కడి మాటలు తర్వాత కూతురు శిల్ప చెప్పాలి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని అన్నీ వినేది.

"మామా, ఈ హాబీలో ఒక్క ఆడమనిషన్నా ఉండాదా?" అని శ్రీనివాసులు తల ఆడించేవాడట. భార్య బుట్టకమ్మలు అతని దవడల మీద ఊగేవట.

"వాళ్లకి ఇంట్రెస్ట్ ఉండదబ్బా. సీరియల్లో ఏడుపు వినపడితే చాలు" అనేవాడట చెంచురామయ్య.

ఒకసారి శిల్ప మెట్ల మీద నుంచే, "నాయనా, ఎడంపక్క స్పీకర్లో ఒక మర వదులైంది. దరువు పడినప్పుడల్లా అదురుతా ఉండాది" అంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. రెండు రోజుల తర్వాత పెంచలనరసింహం ఆ మర బిగించి, మెకానిక్ కనిపెట్టాడని స్నేహితులకి చెప్పాడు.

ఆ చెవి తల్లి నుంచి వచ్చింది. విజయదుర్గ పుట్టిల్లు ఉదయగిరి. తండ్రికి కొయ్య గరిటెల అంగడి ఉండేది. చెక్కి తెచ్చిన ప్రతి గరిటెనీ ఆమె బల్ల మీద ఒక్కసారి తట్టి, లోపల పగులుందో లేదో చెప్పేది. పెళ్లిచూపులకి వచ్చిన పెంచలనరసింహం ఆమెని పాట పాడమనలేదు. ఇరవై గరిటెలు ముందు పెట్టించాడు. ఆమె తట్టి మూడు పక్కన పెట్టింది. మూడూ విరిచి చూస్తే లోపల పగుళ్లే. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. గుణం చూసి చేసుకునేవాడు దొరికాడని ఊరంతా మెచ్చుకుంది.

ఎంత మంచి వస్తువైనా రోజూ గీకితే అరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కమ్మలు ఆమెకి మొద్దుగా తిరిగొచ్చేవి. మొదట దోమ రొద పోయింది. తర్వాత గరిటెలో పగులు పోయింది. పోయినేడు కుక్కర్ కూత పోయి పప్పు మాడింది.

"ఏమండీ, నా చెవులు అరిగిపోతా ఉండాయి. సౌండు కొంచెం తగ్గించుకోండి" అంది.

"తగ్గిస్తే ఇన్నేళ్లు ఈ సెట్టు కూర్చింది దేనికే? వంటింట్లో నీకు వినాల్సిందేముండాది?" అన్నాడాయన.

ఆషాఢంలో ఒక ఆదివారం ఆమె కాఫీలు పట్టుకుపోయేసరికి ముగ్గురి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. ఆయన చెవులు నొక్కుకుంటూ ఏదో అన్నాడు. చెంచురామయ్య ఏదో జవాబిచ్చాడు. ముగ్గురూ ఒక్కసారిగా తలుపు వైపు తిరిగి, మెట్ల మీద కూర్చున్న శిల్ప చెవుల వైపు చూశారు. అక్కడ చిన్న పూల కమ్మలు మెరుస్తున్నాయి. విజయదుర్గకి మాటలు వినపడనక్కర లేకపోయింది.

భోజనాల దగ్గర ఆయన కమ్మలు తిరిగిచ్చి, "నీయి అయిపోయినాయి. సన్న చప్పుళ్లు ఒక్కటీ అందడం లేదు. వచ్చే ఆదివారానికి కొత్త స్పీకర్లు వస్తా ఉండాయి. పాపవి తీసివ్వు" అన్నాడు.

"అది చదువుకునే పిల్లండీ."

"ఆదివారం కాలేజీ ఉండదు గదా."

అత్త నాగేశ్వరమ్మ వసారాలో వత్తులు చేసుకుంటోంది. ఆమె చెవి తూట్లు ఖాళీ. మామగారు రేడియో వార్తలకని ఆమె కమ్మలు తీసుకుని, తిరిగివ్వకుండానే పోయాడు. తీయడం ఎవరికీ తోచక వాటితోనే దహనం చేశారు. విజయదుర్గ వెళ్లి చేతి సైగలతో సంగతి చెప్పింది. ముసలామె అరిచినట్టుగా అంది: "నేనిచ్చినాను. నువ్విచ్చినావు. అది మాత్రం ఎందుకియ్యదు? దానికేమన్నా కొమ్ములుండాయా?"

శనివారం విజయదుర్గ కూతురిని ఉదయగిరి బస్సెక్కించింది.

"అమ్మా, కమ్మలు నాయనకి ఇచ్చిపోవద్దా?" అంది శిల్ప.

"పెట్టుకునే పో. అవి తీసినావంటే నా మీద ఒట్టే."

అక్కడి నుంచి నేరుగా కంసాలి అంకారావు దగ్గరికి పోయింది. సంచిలోంచి పుట్టింటి గరిటె ఒకటి తీసి, అతని బల్ల మీద తట్టింది. ఎక్కడో గోడ అవతల తట్టినట్టు వినపడింది. ఇంకోసారి తట్టింది. అప్పుడు అడిగింది: "ఇవి కరిగించి, మా శిల్ప కమ్మల్లాంటి జత చేసియ్యి."

"కరిగిస్తే ఇంక వినికిడి తిరిగిరాదమ్మా."

"తెలుసు."

"ఆ జత ఎవరూ పెట్టుకోకూడదు తల్లీ. సొంత చెవి పక్కకి తప్పుకుంటాది. లోపలికి వచ్చేదేమీ ఉండదు. తీసినా పిలిచేదెవరు? బయటిది బయటే."

"ఆడపిల్ల కమ్మలు ఎవరు పెట్టుకుంటారు అంకారావూ?" అని, ఆమె మరలు విప్పింది. అతను గొట్టంతో మంట ఊదడం చూసింది. అతని బుగ్గలు ఉబ్బడం, ఏడేసి రాళ్లు గిన్నెలో పడటం, అంతా చప్పుడు లేకుండా జరిగింది.

ఆదివారం తొమ్మిదికి పెంచలనరసింహం చెయ్యి చాపాడు. ఆమె కొత్త జత చూపించి, ఇవ్వకుండా పట్టుకుంది.

"నావి మెరుగుకిచ్చినాను, నాకు వినపడదు. ఒక్క మాట. ఇవి పిల్ల చెవులు. వద్దనుకుంటే తల అడ్డంగా ఊపండి చాలు."

ఆయన తల ఊపలేదు. ఆమె వేళ్లు విడదీసి కమ్మలు లాక్కున్నాడు. చెవుల్లేని పిల్ల ఒంటరిగా బస్సులో ఉదయగిరికి ఎట్ట పోయిందని కూడా అడగలేదు.

ఆమె కాఫీలతో పైకి వెళ్లేసరికి ఆయన కుర్చీలో లేడు. స్పీకర్ బట్టకి చెవి ఆనించి, చేత్తో పైకి పైకి అని సైగ చేస్తున్నాడు. శ్రీనివాసులు బొత్తాం చివరిదాకా తిప్పి, నొప్పి తట్టుకోలేక భార్య బుట్టకమ్మల్ని అరచేతులతో మూసుకున్నాడు. ట్రేలో గ్లాసులు అదురుతున్నాయి. పెంచలనరసింహం కమ్మలు పీకి నేల మీద కొట్టాడు, వినడానికి తల వంచాడు, మళ్లీ ఏరుకుని పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత భార్య వైపు తిరిగి నోరు తెరిచాడు. ఆయన అడిగింది ఆమెకి వినపడలేదు. ఆమె ఇచ్చిన జవాబు ఆయనకి వినపడలేదు.

"పిల్ల చెవులని చెప్పినాను గదండీ" అని మాత్రం అంది. కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

రెండు వారాలకి స్నేహితులు సెట్టు బేరమాడదామని వచ్చారు. ఆ ఒక్క కుర్చీలో శిల్ప కూర్చుని ఉంది. చెవులకి పూల కమ్మలు, ఒళ్లో మరలు బిగించే స్క్రూడ్రైవరు.

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు చెంచురామయ్య.

"అత్తల కమ్మలు ఇళ్లల్లో ఇచ్చేసి రండి మామా. మీ సొంత చెవులతో వచ్చి కూర్చుంటే అప్పుడు వినిపిస్తాను."

వాళ్లు రాలేదు.

ఇప్పుడు ఆదివారం ఆ ఇంటి మేడమీద పాట మోగుతుంటే, విజయదుర్గ కొయ్య గరిటె కాడ పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొస స్పీకరు పెట్టెకి ఆనించి కూర్చుంటుంది. ఆమెకి అందేది అదురు మాత్రమే. కింద, తొమ్మిది కొట్టగానే పెంచలనరసింహం అలవాటు కొద్దీ కూతురికి అరచెయ్యి చాపుతాడు. శిల్ప ఆ చేతిలో ఒక వక్కపలుకు పెట్టి, మెట్లెక్కి పోతుంది.