గోటి గుర్తు

“ఆ గోళ్ళు కాస్త కత్తిరించుకోరాదూ, అమ్మాయ్,” అన్నారు అత్తయ్య, నేను పొద్దుటి గిన్నెలు తీసేసి భోజనాల బల్ల తుడుస్తుంటే.

నిజానికి పెరిగింది ఒక్క కుడి బొటనవేలి గోరే. మిగతావన్నీ అంట్లు తోమీ తోలు కోసీ అరిగిపోయాయి. అయినా సరేనన్నాను. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో నేను ఎక్కువసార్లు వాడిన మాట అదే. బల్ల ఆరగానే తోలు అట్టలన్నీ పరిచాను. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ బల్ల నాది. ఆ తర్వాత మళ్ళీ కంచాలది.

ఇవాళ మాత్రం నాకు కాలూ చేయీ ఆడటం లేదు. సాయంత్రం చేతిపనుల ప్రదర్శనలో నాకంటూ ఒక బల్ల ఇస్తున్నారు. దాని మీద ఎవరూ భోంచేయరు. ఆ తలపుకే తెల్లారకముందే మెలకువ వచ్చేసింది. ఇరవై నోటు పుస్తకాలు, ఒక్కోదానికి ఒక తోలు అట్ట. కాగితాలు మడిచింది నేను, మైనం పట్టించిన దారంతో కుట్టింది నేను. ఇక మిగిలింది ముద్ర ఒక్కటే. ప్రతి వస్తువు మీదా చేసినవారి గుర్తు ఉండాలని ప్రదర్శనవాళ్ళు గట్టిగా చెప్పారు.

ముద్ర సంగతి మావారు నిన్ననే తేల్చేశారు. బీరువాలోంచి గుడ్డలో చుట్టిన ఇత్తడి దిమ్మ తెచ్చి నా ముందు పెట్టారు. మామగారిది. ఆయన తోలు సంచుల దుకాణం మూతపడి పదహారేళ్ళయింది, ముద్ర మాత్రం తళతళలాడుతోంది. ఆయన పేరు, దాని కింద ‘అండ్ సన్స్’. ఆ సన్స్‌లో ఒకాయన బీమా ఆఫీసులో, రెండో ఆయన కళ్ళద్దాల షాపులో. సూదిలో దారం ఎక్కించమంటే ఇద్దరూ దిక్కులు చూస్తారు. మాకా, ఉన్నది ఒక్క కూతురు.

“నాన్నగారి పేరుంటే జనం నమ్ముతారు. లేకపోతే ఎవరో ఇల్లాలు కాలక్షేపానికి చేసిందనుకుంటారు,” అన్నారాయన. “నువ్వు మాత్రం కొట్టకు. దెబ్బ సరిగ్గా పడాలి. రేపు మధ్యాహ్నం నేనొచ్చి కొడతాలే.”

దెబ్బ సరిగ్గా పడాలట. ఒక్కో అట్టకు అరవై నాలుగు చిల్లులు. తోలు పొడిచే ఆరె నిలబెట్టి, సుత్తితో ఒక్కో చిల్లూ పొడిచింది ఈ చేతులే. అప్పుడు కూడా సరేనన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. కాగితం మీద తప్పు రాస్తే చింపేయొచ్చు, తోలు మీద పడింది పోదు. ఒక్కసారి ఆ పేరు పడితే ఇవి ఎప్పటికీ ఆయన దుకాణం సరుకే. నేను లేనట్టే.

ఆ పోకపోవడం గురించి నాకు బాగా తెలుసు. మొదట్లో తడి తోలు మడతపెట్టి నొక్కుతుంటే, వెనక కింది మూలలో నా బొటనవేలి గోరు దిగబడేది. ప్రతి అట్ట మీదా అదే చోట చిన్న నెలవంక. “ఫినిషింగ్ లేదు నీ పనికి,” అన్నారు మావారు. సిగ్గుపడి, వేలికి గుడ్డ చుట్టుకుని నొక్కడం నేర్చుకున్నాను. ఈ ఇరవై అట్టలూ అలా చేసినవే. ఎక్కడా ఒక్క గీత లేదు.

పదింటికి ఫోన్ మోగింది. నా పుస్తకాలు అమ్మిపెట్టే షాపావిడ.

“ఏమండీ, మీ పుస్తకం ఒకటి వెనక్కొచ్చింది.”

“కుట్టు ఊడిందా?”

“అదేం కాదు. ఇది మీరు చేసింది కాదని ఒకావిడ ఒకటే గొడవ. వాళ్ళ చెల్లెలు కొన్నదానికి వెనక మూల గోటి గుర్తు ఉందట, దీనికి లేదట. అది మీ గుర్తేగా?”

ఎవరో తెలియని మనిషి, ఆ మచ్చ కోసం వెతుక్కుందా? అది లేకపోతే నాది కాదందా?

“అవునండీ, నాదే,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“సాయంత్రం ఆవిడే ప్రదర్శనకి వస్తోంది. వాటికి ఉంటుందిగా మరి?”

“ఉంటుంది.”

ఫోన్ పెట్టేశాక కాసేపు బల్ల చుట్టూ ఊరికే తిరిగాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏదో ఒకటి పాడాలనిపిస్తోంది. స్పాంజి ముంచి, మొదటి అట్ట మూల తడిపి, బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాను. గోరు మెత్తగా దిగింది. రెండోది, మూడోది. వేలు నొప్పెడుతోంది, ఆపబుద్ధి కావడం లేదు. పదిహేడోదానికి అత్తయ్య వచ్చి పక్కన నిలబడ్డారు.

“అబ్బాయి వచ్చి ముద్ర వేస్తానన్నాడుగా?”

“ఇదే నా ముద్ర అత్తయ్యా. అది వేస్తే ఇవి మామగారు చేసినవైపోతాయి.”

ఆవిడ ఇత్తడి దిమ్మ తీసి చూశారు. అట్ట మీది నెలవంకను వేలితో తడిమారు.

“ఆ సంచుల పిడులన్నీ నేనే కుట్టాను,” అన్నారు చివరికి. “దుకాణం వెనక గదిలో కూర్చుని, ఇరవై రెండేళ్ళు.”

మామగారి పనితనం గురించి నేను వందసార్లు విన్నాను. ఈ ముక్క ఒక్కసారీ వినలేదు. ఆవిడ దిమ్మను మళ్ళీ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి వచ్చారు. నేను మిగిలిన మూడూ నొక్కేశాను.

పన్నెండున్నరకి మావారు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు.

“ముద్ర ఏదీ?”

“అది వేయడం లేదండీ,” అన్నాను. “ఇవి చేసింది నేను.”

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు.

“చేతులు కడుక్కునిరా,” అన్నారు అత్తయ్య. “బల్ల ఖాళీ లేదు. కంచం ఒళ్ళో పెట్టుకో.”

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ నా చేయి పట్టుకుని, బొటనవేలు వెలుతురుకు తిప్పి చూశారు.

“ఇది మాత్రం కత్తిరించకు.”