చూసి వాపసు చేసే చేపలు

ధర్మవరంలో పట్టుచీరల షావుకారు శంకరప్ప తన అంగట్లో సముద్రం పెట్టినప్పుడు, దాన్ని చూసుకునే పని నాకు వచ్చింది. మా ఇంట్లో బి.ఎస్సీ. దాకా చదివింది నేనొక్కడినే, అదీ జంతుశాస్త్రం. ఏడాదైనా ఉద్యోగం దొరకలేదు. మా నాయన చీరలు నేసేది ఈ శంకరప్ప మగ్గం మీదే కాబట్టి, ఆయన కొడుకునైన నేను ఆ షావుకారు చేపలకు కాపలా ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు.

సముద్రమంటే ఒక గాజుతొట్టి. బొంబాయిలో ఏదో సేటు ఇంట్లో అలాంటిది చూసివచ్చి, శంకరప్ప మద్రాసు నుంచి పాలక్యాన్లలో ఉప్పునీళ్లు రైలెక్కించాడు. పగడపురాళ్లు, తెల్ల ఇసుక, రంగురంగుల చిన్నచేపలు దిగాయి. రెండు నెలలు తిరక్కముందే ఇసుక మీద గోధుమరంగు జిగురుపొర కట్టింది. కెలికితే పోయేది, మరునాటికి మళ్లీ వచ్చేది.

"ఏమబ్బా బీయస్సీ, సముద్రంలో కసువు ఎవురు ఊడుస్తారు?" అన్నాడు శంకరప్ప.

"దానికీ చేపలుంటాయయ్యా. ఇసుకను జల్లించే చేపలు. ఒకటి తెప్పిస్తే చాలు."

ఆయనకు తొందరగా ఉంది. హిందూపురంలో సరస్వతీ విలాస హైస్కూలు ప్రెసిడెంటు గంగాధరప్ప, కూతురి పెళ్లికి చీరలు తీయడానికి రాబోతున్నాడు. ఆ స్కూల్లో సైన్సు మాస్టరు పోస్టు ఖాళీ. "తొట్టి తళతళలాడల్ల. ఆయప్ప చెవిలో నీ మాట నేనేస్తా" అని శంకరప్ప నాకు చెప్పాడు. అంటే నా ఉద్యోగం ఇసుక మీద పొరతో ముడిపడింది.

మద్రాసు చేపల వ్యాపారికి పేర్లు రాసి పంపుదామన్నాను. శంకరప్ప ఒప్పుకోలేదు. "సరుకు కండ్లతో చూడకుండా ఎట్ల తీసుకునేది? మూడు రకాలు పంపమను. ఒకటి పెట్టుకుని, తక్కినవి వాపసు చేద్దాం." చీరల వ్యాపారంలో అదే మర్యాద. చేపల వ్యాపారికి ఆ మర్యాద తెలియకపోయినా, తెలిసేదాకా శంకరప్ప టెలిగ్రాములు ఇచ్చాడు.

మూడు సీసాలు వచ్చాయి. చీరలు పరిచే తెల్లపరుపు మీద వాటిని వరసగా పెట్టించి, శంకరప్ప తల్లి సిద్ధమ్మను పిలిపించారు. ఆమె ఒప్పుకోనిదే ఆ ఇంట్లో చీర కూడా అంగట్లోకి రాదు.

మొదటిది వేలెడు పొడుగు తెల్లచేప. తల పసుపు, కన్ను కింద సన్నని నీలిగీత. నేను కోరింది అదే.

"ఇదేం చేపప్పా! కొంగుకు జరీ పెట్టి, చీర ఒంటికి పెట్టేది మర్సిపోయినట్లుండాది" అంది సిద్ధమ్మ.

"పనికి ఇదే మంచిదవ్వా. నోటినిండా ఇసుక తీసుకుని, మేత ఏరుకుని, మంచి ఇసుకను మొప్పల్లోనుంచి వదిలేస్తాది."

"పదిమంది చూస్తాంటే మన్ను తినేదాన్నా అంగట్లో పెట్టేది?"

రెండోది చుక్కలచేప. సీసా అడుగున దాక్కుని ఉంది. సిగ్గుపడే సరుకు అమ్ముడుపోదని పక్కకు నెట్టారు. మూడోది జానెడుంది. గడ్డం కింద రెండు మీసాలు వేలాడుతున్నాయి.

"ఇదీ పెద్దమనిషంటే!" అన్నాడు శంకరప్ప.

"అయ్యా, ఇది జల్లించేది కాదు, తవ్వేది. చిన్నచేపల్ని గూడా మింగుతాది."

"చదివినోళ్లకు అంతా భయమే." మీసాలచేప తొట్టిలోకి దిగింది, మిగిలిన రెండు సీసాలూ మద్రాసు బండెక్కాయి.

మరునాడు గంగాధరప్ప జీపు పెనుకొండలో ఏదో ఆఫీసు పని మీద ఆగి, మధ్యాహ్నానికి వచ్చింది. మీసాలచేప తెల్లారినప్పటినుంచీ తవ్వుతూనే ఉంది. పగడపురాళ్లు ఒరిగిపోయాయి. తొట్టిలో నీళ్లు, చిత్రావతి ఏటికి కొత్తనీళ్లు వచ్చినట్లు మడ్డిగా ఉన్నాయి. లోపల చేప ఉందో లేదో కూడా తెలియడం లేదు. శంకరప్ప నాకేసి ఒక చూపు చూశాడు.

గంగాధరప్ప చెప్పులు విడిచి తొట్టి ముందు నిలబడ్డాడు. "నేను సముద్రం చూసిండ్లేదు. లోపల ఇట్లే ఉంటాదా శంకరప్పా?"

"ఇట్లే ఉంటాదన్నా. లోతు జాస్తి కదా, కండ్లకు ఆనదు."

"టెంకాయ కొడదామా?" అని సిద్ధమ్మ అడిగింది.

గంగాధరప్ప నావైపు తిరిగాడు. "ఏమప్పా, సైన్సు చదివినోడివంట. నిజమేనా?"

శంకరప్ప దగ్గాడు.

"కాదు సార్. అది లోతు కాదు, ఇసుక. చేపను సరిగ్గా ఎంచుకోలేదు" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. పరుపు మీద కూర్చుని నిదానంగా అడిగాడు: "మా స్కూల్లో మైక్రోస్కోపు పెట్టె ఉండాది. లోపల మైక్రోస్కోపు లేదు. రేపు ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే నువ్వేం చెప్తావు?"

"లేదని చెప్తాను సార్."

"ముందుండిన మాస్టరు, రిపేరికి పోయిందని చెప్తాండె" అని, చీరలు తీయమన్నాడు. ప్రతి చీరనూ వెలుతురులో పట్టి, తిరగేసి, వెనక దారాలు చూసి, వేలితో జరీ గీకి చూశాడు. పెళ్లికూతురి చీర ఎంచుకునేసరికి దీపాలు పెట్టారు. పోస్టు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో నాయన అడిగాడు: "లోతే అని ఒక మాట అనింటే ఏమైతాండె రా?"

"రేపు బడిలో పిల్లోళ్లు గూడా అడుగుతారు కదా నాయనా, సముద్రం ఎట్లుంటాదని."

ఆయన రాట్నం ముందుకు లాక్కుని, మగ్గానికి పట్టు కండెలు చుట్టుకున్నాడు.

పొద్దున్నే అంగడి నుంచి పిలుపు వచ్చింది. తొట్టిలో రెండు చిన్నచేపలు కనిపించడం లేదు. మీసాలచేప మాత్రం కాస్త లావెక్కింది.

"నీ తెల్లచేపనే తెప్పించుదాంలే" అన్నాడు శంకరప్ప.

"మన్ను తినే చేపను అంగట్లో పెట్టొద్దని అవ్వ అనె కదయ్యా?"

"చూసేవాడు చూసిపాయె. ఇంగ తొట్టిని వెనకింట్లో పెట్టిస్తాండా. నువ్వేం దిగులు పడొద్దప్పా, ఈడ్నే ఉండు. దానికీ ఒక మనిషి కావల్ల కదా."

పెనుకొండ బోర్డు స్కూల్లో సైన్సు మాస్టరు పోస్టు ఒకటి ఖాళీ అయిందని అప్పటికే విని ఉన్నాను. తెల్లచేప వచ్చి ఇసుకకు అలవాటు పడేదాకా ఉంటానని చెప్పి, మీసాలచేపను పట్టడానికి చొక్కా చేతులు మడిచాను.