గాలికెదురుగా రుక్కమ్మ

కంప్యూటర్‌లో వరుసల మధ్య దూరం కొట్టాడు, గాలిమరల మధ్య దూరం కొట్టాడు, గాలి వచ్చే దిక్కుకు కోణం తిప్పి మీట నొక్కాడు పరశురాం. తెర మీది గుట్టల నిండా, మరకొకటి చొప్పున, చుక్కలు బారులు తీరి వాలాయి. ఎన్నేళ్లు చూసినా ఆ క్షణం ఆయనకు పండగే. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకు ఆనేదాకా వంగి, "మస్తుగ కూసున్నరు," అన్నాడు చుక్కలతో.

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో, చెప్పుల దుకాణం పైనున్న ఆ ఆఫీసులో ఆయనకిది ఆఖరి రోజు. సాయంత్రంలోగా హైదరాబాద్‌లోని ఇంజనీరమ్మ మనోజ్ఞ సరేనంటే ఆ వరుసలు ఆయనవే. లేదంటే రేపు ఇంకెవరో వచ్చి కెలుకుతారు. ఆ ఊహకే మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఆయనకో పిచ్చి ఉంది. నంబర్లు బుర్రలో నిలవవు మహానుభావుడికి. అందుకని పని చేసేటప్పుడు మరలకు ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టుకుంటాడు. పంపేముందు తీసేసి నంబర్లు వేస్తాడు. ఇవాళ హడావిడిలో పేర్లతోనే పంపేశాడు! నాలుక కరుచుకునేలోపే ఫోన్ మోగింది.

"పరశురాం గారూ, కమలమ్మ గాలంతా తీసేసుకుంటోందండీ. వెనకున్న శివయ్యకి మిగలట్లేదు," అంది మనోజ్ఞ, నవ్వు ఆపుకుంటూ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మ, బాపు మేడం. బతికున్నప్పుడు గూడ గట్లనే ఉండె. జర ఆగుండ్రి, బాపును పక్కకు జరుపుత."

వెనక వరుసనంతా సగం దూరం పక్కకు జరిపి మళ్లీ పంపాడు. శివయ్యకు గాలి తగిలింది. పోయిన ఇన్నేళ్లకు బాపుకు ఊపిరాడినట్టయి పరశురాంకు ఎంత సంతోషమేసిందో!

"ఇప్పుడు బాగుంది. మరి గుట్ట కొసన, అన్నిటికంటే మంచి గాలి రుక్కమ్మకిచ్చారు. ఎవరండీ ఆవిడ?"

"మా ఇంటామె. పెండ్లయినప్పటి సంది ఫ్యాను నా దిక్కే తిప్పి పెడ్తది మేడం."

"లేఅవుట్ ఓకే చేశాను," అంది మనోజ్ఞ. "నంబర్లు నేనే వేసి పంపిస్తాను లెండి. ఒక్కటి మాత్రం మార్చను."

అన్నట్టే పంపింది. పరశురాం దాన్ని ప్రింటు తీసి, తన కుర్చీ ఎదుటి గోడకు అంటించాడు. ఆఫీసువాళ్లు శాలువా కప్పారు, జిలేబీ పొట్లం చేతిలో పెట్టారు. ఇవాళ ఫ్యాను రుక్కమ్మ దిక్కు తిప్పాలనుకుంటూ, ముసిముసిగా నవ్వుకుంటూ యాచారం బస్సెక్కాడు.

ఖాళీ కుర్చీ ఎదుట గోడ మీద కాగితం నిండా నంబర్లే. గుట్ట కొసన, గాలికెదురుగా, ఒక్క పేరు: రుక్కమ్మ.